కొవ్వు నల్లబడింది సరే, ఎందుకు నల్లబడింది?

పొత్తికడుపు ఎమ్మారైలో ఒక ఆవిడకి అండాశయం పక్కన సిస్ట్ కనబడిందనుకుందాం. టీ1 అనే రకం ఇమేజ్‌లో (టీ1 అంటే ఏంటో కిందకొస్తుంది) అది తెల్లగా మెరుస్తోంది. ఆ చోట అంత తెల్లగా ఉండేవి ప్రధానంగా రెండు. ఒకటి కొవ్వు, అప్పుడది డెర్మాయిడ్, అంటే లోపల కొవ్వుండే గడ్డ. రెండోది పాతబడిన రక్తం, అప్పుడది ఎండోమెట్రియోమా. గైనకాలజిస్టులు చాక్లెట్ సిస్ట్ అనేది దీన్నే. ఏదో తేల్చుకోవడానికి కొవ్వు సిగ్నల్‌ని అణిచేసి ఇంకో సీక్వెన్స్, అంటే వేరే సెట్టింగులతో ఇంకో వరస ఇమేజ్‌లు, తీస్తారు. సిస్ట్ నల్లబడితే డెర్మాయిడ్, తెల్లగానే మిగిలితే చాక్లెట్ సిస్ట్.

పుస్తకంలో ఇది రెండు లైన్ల విషయం. కానీ ఆ రెండో సీక్వెన్స్‌ని ఫ్యాట్ శాట్‌తో కాకుండా స్టిర్‌తో తీశారనుకోండి, చాక్లెట్ సిస్ట్ కూడా నల్లబడే అవకాశం ఉంది. రెండూ కొవ్వును అణిచే పద్ధతులే. రెండు ఇమేజ్‌లలోనూ చర్మం కింద కొవ్వు నల్లగానే ఉంటుంది. పైపైన చూస్తే తేడా తెలీదు. సీక్వెన్స్ పేరు చూడకుండా "నల్లబడింది కదా, కొవ్వే" అని రిపోర్టు రాసేస్తే మాత్రం జబ్బు పేరే మారిపోతుంది.

ఎందుకిలా అంటే, ఒక్కో పద్ధతి కొవ్వును ఒక్కో లక్షణంతో గుర్తుపడుతుంది. ఫ్యాట్ శాట్ నమ్ముకున్నది కొవ్వు ఫ్రీక్వెన్సీని. స్టిర్ నమ్ముకున్నది కొవ్వు కోలుకునే వేగాన్ని. డిక్సన్ అనే మూడో పద్ధతి నమ్ముకున్నది నీటికీ కొవ్వుకీ మధ్య వచ్చే ఫేజ్ తేడాని, అంటే తిరిగేటప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక ఉండటాన్ని. నమ్ముకున్న లక్షణం శరీరంలో ఎక్కడ చెదిరితే అక్కడ ఆ పద్ధతి ఫెయిలవుతుంది. అదే లక్షణం కొవ్వు కానిదానికి కూడా ఉంటే, దాన్నీ కొవ్వుతోపాటు చెరిపేస్తుంది. ఏది గొప్ప పద్ధతి అని అడిగేవాళ్లకి నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఏ భాగం, ఏ మెషిన్, ఏ అనుమానం అన్నది ముందు చెప్పండి.

కొవ్వుని అణచాల్సిన అవసరం ఏమొచ్చింది

ఎమ్మారై చూసేది హైడ్రోజన్ ప్రోటాన్లని. మన ఒంట్లో అవి ఎక్కువగా ఉండేది నీటిలో, కొవ్వులో. 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) మెషిన్‌లో ఈ ప్రోటాన్లు సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు, అంటే 64 మెగాహెర్ట్జ్ దగ్గర తిరుగుతుంటాయి. రేడియో పల్స్ ఇచ్చి వాటిని పక్కకి వంచాక, మళ్లీ మామూలు స్థితికి వచ్చేందుకు పట్టే కాలానికి కొలత టీ1. కొవ్వు చాలా త్వరగా కోలుకుంటుంది. 1.5 టెస్లాలో దాని టీ1 సుమారు 250 నుంచి 290 మిల్లీసెకన్లు. కండరానికి వెయ్యికి అటూఇటూ ఉంటుంది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవానికైతే కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే టీ1 ఇమేజ్‌లో కొవ్వు తెల్లగా, ద్రవం నల్లగా కనిపిస్తాయి.

టీ2 అనేది సిగ్నల్ చెదిరి ఆరిపోవడానికి పట్టే కాలానికి కొలత. టీ2 ఇమేజ్‌లో కొవ్వు తెల్లగా ఉండటానికి కారణం వేరు. స్పిన్ ఎకో అనే పాతకాలపు పద్ధతిలో తీసిన టీ2లో కొవ్వు ఒక మోస్తరు బూడిద రంగులోనే ఉండేది. 1986లో జర్మనీకి చెందిన యుర్గెన్ హెన్నిగ్ బృందం రేర్ అనే సీక్వెన్స్‌ని తెచ్చింది. ఇవాళ మనం టర్బో స్పిన్ ఎకో, ఫాస్ట్ స్పిన్ ఎకో అని పిలిచేవన్నీ దాని సంతానమే. స్కాన్ టైమ్ ఒక్కసారిగా తగ్గింది. అయితే వరసగా దగ్గరదగ్గరగా ఇచ్చే 180 డిగ్రీల పల్స్‌ల వల్ల కొవ్వు సిగ్నల్ త్వరగా పడిపోకుండా నిలబడుతుంది. దాంతో టీ2లో నీళ్లూ తెలుపే, కొవ్వూ తెలుపే అయింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. పెద్దవాళ్ల ఎముక మజ్జలో చాలా భాగం కొవ్వే. బైక్ మీంచి పడి మోకాలికి దెబ్బ తగిలినవాళ్ల ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు, లోపల మజ్జలో వాపు ఉండొచ్చు. ఆ వాపు అంటే నీరు. తెల్లటి కొవ్వులో తెల్లటి నీరు ఏం కనబడుతుంది? కొవ్వును నల్లగా చేస్తేనే ఆ మచ్చ బయటపడుతుంది. కంటి నరం చుట్టూ కొవ్వు, రొమ్ములో కొవ్వు, వెన్నుపూసల్లో కొవ్వు, అన్నిచోట్లా ఇదే సమస్య. రక్తంలోకి ఎక్కించే గాడోలినియం కాంట్రాస్ట్ మందు ఇచ్చాక ఇంకా ఎక్కువ. కాంట్రాస్ట్ తాగిన కణితి టీ1లో తెల్లబడుతుంది, పక్కనున్న కొవ్వు ముందే తెల్లగా ఉంటుంది.

నీటి అణువుల కదలికని చూసే డిఫ్యూజన్ సీక్వెన్స్‌లో అయితే కొవ్వును అణచడం తప్పనిసరి. అక్కడ కొవ్వు ఉన్నచోట ఉండదు, పది పదిహేను పిక్సెళ్లు పక్కకి జరిగి వేరే అవయవం మీద వచ్చి కూర్చుంటుంది.

ఫ్యాట్ శాట్: ఫ్రీక్వెన్సీ మీద నమ్మకం

నీటి అణువులోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కుంటుంది. కొవ్వు గొలుసులోని హైడ్రోజన్‌కి మాత్రం ఎలక్ట్రాన్ల అడ్డు కాస్త దండిగా ఉంటుంది. అందుకని కొవ్వు ప్రోటాన్ నీటి ప్రోటాన్ కంటే కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, పది లక్షల్లో 3.5 వంతులు, అంటే 3.5 పీపీఎం. 1.5 టెస్లాలో ఇది సుమారు 220 హెర్ట్జ్, 3 టెస్లాలో రెట్టింపు, 440 హెర్ట్జ్. 64 మెగాహెర్ట్జ్‌లో 220 హెర్ట్జ్ అంటే ఎంత చిన్న తేడానో చూడండి. ఫ్యాట్ శాట్ మొత్తం దీని మీదే నడుస్తుంది.

1985లో గాటింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆక్సెల్ హాసే, యెన్స్ ఫ్రామ్, వారి సహచరులు దీన్ని చెస్ అనే పేరుతో ప్రచురించారు. పద్ధతి సూటిగా ఉంటుంది. సరిగ్గా కొవ్వు ఫ్రీక్వెన్సీ మీద ఒక పల్స్ ఇచ్చి కొవ్వును మాత్రమే వంచుతారు, వెంటనే గ్రేడియెంట్‌తో, అంటే ఫీల్డ్ బలాన్ని చోటుకో రకంగా కాసేపు మార్చి, ఆ సిగ్నల్‌ని చెదరగొడతారు. కొవ్వు కోలుకునేలోపే అసలు సీక్వెన్స్ మొదలవుతుంది. నీటిని ముట్టుకోలేదు కాబట్టి నీటి సిగ్నల్ పూర్తిగా మిగులుతుంది. టీ1తో, టీ2తో, కాంట్రాస్ట్ ముందు, తర్వాత, దేనితోనైనా కలిపి వాడుకోవచ్చు. పైగా ఇది నల్లబరిచేది కొవ్వు ఫ్రీక్వెన్సీలో తిరిగేదాన్ని మాత్రమే. చాక్లెట్ సిస్ట్‌లోని రక్తం నీటి ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది, కాబట్టి తెల్లగానే ఉండిపోతుంది. డెర్మాయిడ్ ప్రశ్నకి దీనితోనే జవాబు చెప్పాలి అనేది అందుకే.

ఇక దీని బలహీనత. మ్యాగ్నెట్ బలం మనిషి ఒంట్లో అన్నిచోట్లా సమానంగా ఉంటేనే 220 హెర్ట్జ్ లెక్క పనిచేస్తుంది. కానీ గాలికీ కండకీ అయస్కాంత గుణంలో తేడా దాదాపు 9 పీపీఎం. ఫీల్డులో వచ్చే మార్పు అందులో కొంత వంతే అనుకున్నా, గాలీ కండా కలిసే అంచు దగ్గర 3.5 పీపీఎం లెక్క తప్పడానికి అది చాలు. మెడ కింది భాగం, భుజం, చీలమండ, ముక్కు చుట్టుపక్కల, ఊపిరితిత్తుల పక్కనుండే కాలేయం పైభాగం: ఫ్యాట్ శాట్ పాడయ్యే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే.

దీని ప్రమాదం ఎంతో చూడాలంటే 2021 వేసవిని గుర్తుచేసుకోవాలి. కోవిడ్ రెండో వేవ్ వెనకాలే మ్యూకర్‌మైకోసిస్ వచ్చింది, జనం బ్లాక్ ఫంగస్ అన్నారు. తెలంగాణలో కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికి నోడల్ కేంద్రం చేశారు. ఫంగస్ సైనస్‌లో మొదలై కంటి గూటిలోకి, అక్కణ్ణుంచి మెదడు వైపు పాకుతుంది. కంటి గూటి నిండా కొవ్వే ఉంటుంది కాబట్టి, కాంట్రాస్ట్ ఇచ్చాక కొవ్వును అణిచి తీసిన టీ1 లేకపోతే పాకిందో లేదో చెప్పలేం. కంటి గూటికి సరిగ్గా కిందే, పల్చటి ఎముక అవతల, గాలితో నిండిన మాక్సిలరీ సైనస్ ఉంది. అంటే జబ్బు పాకే దారిలోనే ఫ్యాట్ శాట్ ఫెయిలయ్యే చోటు కూడా ఉంది. కంటి కింది కండరం దగ్గర కొవ్వు అణగకుండా మిగిలిపోతే, చూసేవాళ్లకి అది కాంట్రాస్ట్ తీసుకున్న ఇన్ఫెక్షన్‌లా కనబడుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. జబ్బున్న వైపు సైనస్ చీముతోనో వాచిన పొరతోనో నిండిపోయి గాలి తక్కువ ఉంటుంది, కాబట్టి అక్కడ ఫ్యాట్ శాట్ చక్కగా పనిచేయొచ్చు. బాగున్న వైపు సైనస్ నిండా గాలి, అక్కడే తెల్లటి మచ్చ మిగలొచ్చు. ఆపరేషన్ చేసి సైనస్ ఖాళీ చేసినవాళ్లలో గాలి ఇంకా పెరుగుతుంది. నోట్లో మెటల్ పళ్లుంటే చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు చూడాల్సింది, కాంట్రాస్ట్ ఇవ్వకముందు అదే ఫ్యాట్ శాట్‌తో తీసిన ఇమేజ్ ఉందా అని. ఆ తెల్లమచ్చ అందులోనూ అదే చోట ఉంటే అది జబ్బు కాదు, అణగని కొవ్వు. కాంట్రాస్ట్ ముందు ఫ్యాట్ శాట్ లేకుండా, తర్వాత ఫ్యాట్ శాట్‌తో తీసి రెండింటినీ పోల్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. టైమ్ మిగులుతుందనేది నిజమే గానీ, ఆ పోలికతో ఏం తేలదు.

కన్సోల్ దగ్గర దీనికి చేయగలిగింది చాలానే ఉంది. ఫీల్డ్‌ని ఏ భాగంలో సమం చేయాలో మెషిన్‌కి చెప్పే షిమ్ బాక్స్‌ని మొత్తం ఫీల్డంతా పరచకుండా చూడాల్సిన భాగం మీదే పెట్టి, గాలిని వీలైనంత బయట ఉంచాలి. ఫ్రీక్వెన్సీ గ్రాఫ్‌లో రెండు శిఖరాలు కనిపిస్తాయి, ఒకటి నీటిది, ఒకటి కొవ్వుది. కొవ్వు ఎక్కువున్న రొమ్ములాంటి చోట మెషిన్ తనంతట తాను కొవ్వు శిఖరాన్నే నీరనుకుని పట్టుకోవచ్చు. అప్పుడు లెక్క తలకిందులై కొవ్వు తెల్లగా మిగిలిపోతుంది, ఒక్కోసారి నీరే అణిగిపోతుంది. గ్రాఫ్ మీద ఒక చూపు వేసి చేత్తో సరిచేస్తే సరిపోయేదానికి, చూడకపోవడం వల్ల సీక్వెన్స్ మొత్తం మళ్లీ తీయాల్సివస్తుంది. జపాన్‌లో అయితే మెడ చుట్టూ బియ్యం సంచులు పెట్టి చూశారు! బియ్యపు గింజ అయస్కాంత గుణం కండకి దగ్గరగా ఉంటుంది, దాన్నుంచి సిగ్నల్ దాదాపు రాదు, చర్మం పక్కనున్న గాలి స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. మెడలో కొవ్వు మెరుగ్గా అణిగిందని వాళ్లు చూపించారు.

ఇంకో చిన్న సంగతి. కొవ్వుకి ఒక్క ఫ్రీక్వెన్సీ ఉండదు. ప్రధానమైన మిథిలీన్ శిఖరం నీటికి 3.5 పీపీఎం దూరంలో ఉంటుంది, కానీ కొవ్వులో కొద్ది శాతం ప్రోటాన్లు నీటి శిఖరం పక్కనే ఉంటాయి. వాటిని అణిస్తే నీరూ పోతుంది. అందుకే ఫ్యాట్ శాట్ ఎంత బాగా వచ్చినా కొవ్వు కటిక నలుపవదు, ముదురు బూడిద రంగులో ఆగుతుంది. అది మెషిన్ తప్పు కాదు.

స్టిర్: కోలుకునే వేగం మీద నమ్మకం

1985లోనే లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో గ్రేమ్ బిడర్, ఇయాన్ యంగ్ వేరే దారి పట్టారు. ముందుగా 180 డిగ్రీల పల్స్‌తో ఒంట్లోని ప్రోటాన్లన్నింటినీ తలకిందులు చేస్తారు. అవి మెల్లగా కోలుకుంటూ మైనస్ నుంచి ప్లస్‌కి వస్తాయి, మధ్యలో ఒక క్షణం సున్నా దాటుతాయి. ఆ క్షణం ఎప్పుడొస్తుందో టీ1ని 0.69తో గుణిస్తే తెలుస్తుంది. కొవ్వు టీ1 250 అనుకుంటే సుమారు 173 మిల్లీసెకన్లు. సరిగ్గా అప్పుడు ఇమేజింగ్ మొదలుపెడితే కొవ్వు దగ్గర ఇవ్వడానికి సిగ్నల్ ఉండదు. 1.5 టెస్లాలో ఈ ఎదురుచూపు, అంటే టీఐ, 150 నుంచి 180 మధ్య పెట్టేది అందుకే. 3 టెస్లాలో కొవ్వు టీ1 పెరుగుతుంది కాబట్టి టీఐని 200 పైకి తీసుకెళ్లాలి. 1.5 ప్రోటోకాల్‌ని అలాగే 3 టెస్లా మెషిన్‌లోకి కాపీ చేస్తే కొవ్వు సగం సగం అణిగి, ఇమేజ్ ఎందుకు బాలేదో అర్థంకాక తలపట్టుకుంటారు.

ఇందులో ఫ్రీక్వెన్సీ ప్రసక్తే లేదు. ఫీల్డ్ చెదిరినా కొవ్వు అదే టైమ్‌కి సున్నా దాటుతుంది. మెడ, చీలమండ, చేతికి వెళ్లే నరాల గుత్తి, వెన్నెముక మొత్తం ఒకేసారి తీసే పెద్ద ఫీల్డ్, వీటన్నిటిలో స్టిర్ నమ్మకమైనది. చిన్న ఊళ్లలోని 0.3 టెస్లా ఓపెన్ మెషిన్లలో ఫ్యాట్ శాట్ ఊసే ఉండదు, ఎందుకంటే అక్కడ నీటికీ కొవ్వుకీ తేడా 45 హెర్ట్జ్ మాత్రమే. వాళ్లకి స్టిరే దిక్కు, అదీ తక్కువ టీఐతో. ఒళ్లంతా డిఫ్యూజన్ తీసే పద్ధతిని 2004లో జపాన్ పరిశోధకుడు తారో తకహారా బృందం ప్రచురించినప్పుడు కొవ్వును అణచడానికి స్టిర్‌నే ఎంచుకున్నదీ ఈ నిలకడ కోసమే.

స్టిర్‌లో జబ్బు కొట్టొచ్చినట్టు కనబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. వాపున్న కణజాలానికి టీ1 ఎక్కువ, టీ2 కూడా ఎక్కువ. మామూలు టీ2 ఇమేజ్‌లో ఈ రెండూ ఒకదానికొకటి కొంత అడ్డుపడతాయి. స్టిర్‌లో రెండూ కలిసి తెలుపునే పెంచుతాయి. పొద్దున్నే నడుం పట్టేసే కుర్రాళ్ల సాక్రో ఇలియాక్ కీళ్లలో, అంటే వెన్నెముక అడుగు తుంటి ఎముకతో కలిసేచోట, కొద్దిపాటి వాపుని పట్టాలంటే చాలామంది స్టిర్‌నే అడుగుతారు.

దీనికి చెల్లించే మూల్యం సిగ్నల్. కొవ్వు సున్నా దగ్గరుండగా నీరు కూడా ఇంకా పూర్తిగా కోలుకోలేదు, అందులో చాలా భాగం పోతుంది. అందుకే స్టిర్ ఇమేజ్‌లు గరుకుగా ఉంటాయి. చిన్న కీళ్లలో కార్టిలేజ్ లాంటి సన్నటి వివరాలకి ఇది పనికిరాదు.

సిగ్నల్ కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. స్టిర్ అణిచేది కొవ్వుని అని మనం అనుకుంటాం. అది నిజానికి అణిచేది 250 మిల్లీసెకన్ల చుట్టుపక్కల టీ1 ఉన్న ప్రతిదాన్నీ. కొన్ని రోజులు గడిచిన రక్తంలోని మెథెమోగ్లోబిన్, మెలనిన్ ఉన్న కణితి, ప్రోటీన్ చిక్కగా ఉన్న ద్రవం, వీటి టీ1 కూడా తగ్గిపోయి ఆ చుట్టుపక్కలకే రావచ్చు. చాక్లెట్ సిస్ట్ నల్లబడేది ఇలాగే. గాడోలినియం చేసే పనే టీ1ని తగ్గించడం. కాంట్రాస్ట్ బాగా తీసుకున్న కణితి టీ1 కొవ్వు టీ1 దగ్గరకి దిగితే, ఏ కణితిని చూడాలని కాంట్రాస్ట్ ఇచ్చామో దాన్నే స్టిర్ చెరిపేస్తుంది. కాబట్టి స్టిర్ ఎప్పుడూ కాంట్రాస్ట్‌కి ముందే. దీనికి మినహాయింపులు వెతుక్కోకపోవడం మంచిది.

మధ్యేమార్గాలు

ఫ్యాట్ శాట్‌లోని ఎంపికనీ స్టిర్‌లోని ఎదురుచూపునీ కలిపితే స్పిర్, స్పెయిర్ వస్తాయి. కొవ్వు ఫ్రీక్వెన్సీ మీద మాత్రమే తలకిందులు చేసే పల్స్ ఇచ్చి, కొవ్వు సున్నా దాటే క్షణం కోసం ఆగి, అప్పుడు ఇమేజింగ్ మొదలుపెడతారు. నీటిని కదపలేదు కాబట్టి సిగ్నల్ నష్టం లేదు, కాంట్రాస్ట్ తర్వాత కూడా వాడొచ్చు. స్పెయిర్‌లో వాడేది అడయబాటిక్ పల్స్. రేడియో పల్స్ బలం శరీరంలో అన్నిచోట్లా సమానంగా పడకపోయినా అది తన పని చేసుకుపోతుంది. 3 టెస్లాలో కడుపు, రొమ్ము తీసేటప్పుడు పల్స్ బలం అక్కడక్కడా తగ్గడం పెద్ద సమస్య, అందుకే అక్కడ స్పెయిర్‌కి అంత ఆదరణ. అయితే ఇది కూడా ఫ్రీక్వెన్సీనే నమ్ముకుంది. ఫీల్డ్ చెదిరితే మామూలు ఫ్యాట్ శాట్ లాగే ఇదీ బోల్తాపడుతుంది. స్పెయిర్ పెట్టాం కాబట్టి మెడలో ఢోకా లేదు అనుకోవడం పొరపాటు.

వాటర్ ఎక్సైటేషన్ అని మరొకటుంది. కొవ్వును అణచడం కాకుండా అసలు కదపకుండా వదిలేసి నీటిని మాత్రమే లేపుతారు. మోకాలి కార్టిలేజ్‌ని త్రీడీలో తీసేవాళ్లకి పనికొస్తుంది. ఇంతకు మించి దాని గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు.

డిక్సన్: అణచడం మానేసి విడదీయడం

1984లో థామస్ డిక్సన్ రేడియాలజీ పత్రికలో ఒక చిన్న ఆలోచన ప్రచురించారు. మిగతా రెండు పద్ధతుల కంటే ఇదే ముందు. కానీ ఆసుపత్రుల్లో మామూలుగా వాడుకలోకి రావడానికి మాత్రం దీనికే ఎక్కువ కాలం పట్టింది.

గ్రౌండు చుట్టూ ఇద్దరు ఒకేసారి పరుగు మొదలుపెట్టారనుకోండి, అందులో ఒకరు కాస్త నిదానం. కొంతసేపటికి ఇద్దరూ గ్రౌండుకి చెరో అంచున ఉంటారు. ఇంకాసేపటికి వేగంగా ఉన్నవాడు ఒక రౌండు ఎక్కువ కొట్టి మళ్లీ రెండోవాడి పక్కకి వస్తాడు. నీరూ కొవ్వూ అంతే. 1.5 టెస్లాలో సుమారు 2.2 మిల్లీసెకన్లకి ఎదురెదురుగా ఉంటాయి, 4.5 దగ్గర మళ్లీ కలుస్తాయి. 3 టెస్లాలో ఈ టైమ్‌లు సగమవుతాయి. కలిసినప్పుడు తీసిన ఇమేజ్‌లో నీరూ కొవ్వూ కూడి ఉంటాయి, దాన్ని ఇన్ ఫేజ్ అంటారు. ఎదురైనప్పుడు తీసినదాంట్లో ఒకటి మరొకదాంట్లోంచి తీసివేసి ఉంటుంది, అది అపోజ్డ్ ఫేజ్. ఈ రెండింటినీ కూడి సగం చేస్తే నీరు మాత్రమే మిగులుతుంది, ఒకదాంట్లోంచి మరొకటి తీసేసి సగం చేస్తే కొవ్వు మాత్రమే మిగులుతుంది. ఒకే స్కాన్‌లో నాలుగు రకాల ఇమేజ్‌లు.

ఫీల్డ్ చెదిరితే ఇక్కడా ఫేజ్ లెక్క తప్పుతుంది. 1991లో గ్లోవర్, ష్నైడర్ మూడో ఎకోని, అంటే మూడో టైమ్‌లో అందుకున్న సిగ్నల్‌ని, కలిపి ఫీల్డ్ ఎక్కడ ఎంత చెదిరిందో కూడా అదే స్కాన్‌లోంచి లెక్కగట్టి సరిచేశారు. 2004 ప్రాంతంలో స్కాట్ రీడర్ బృందం దాన్ని ఐడియల్ అనే పద్ధతిగా ఇంకా గట్టిపరిచింది. ఇప్పుడు జీఈలో ఐడియల్, ఫ్లెక్స్ అని, ఫిలిప్స్‌లో ఎమ్‌డిక్సన్ అని, సీమెన్స్‌లో డిక్సన్ అనే పేరుతోనే కనిపిస్తాయి. అంటే ఫీల్డ్ చెదిరినచోట ఫ్రీక్వెన్సీని నమ్ముకున్నవి అలాగే ఓడిపోతుంటే, డిక్సన్ ఆ చెదురుని కొలిచి తీసేస్తోంది. మెడకి, కాలి మడమకి, మొత్తం తొడలకి నేను ముందు అడిగేది డిక్సన్‌నే.

ఇది తప్పితే మాత్రం అడ్డంగా తప్పుతుంది. ఒక పిక్సెల్‌లో ఎక్కువున్నది నీరా కొవ్వా అన్న ప్రశ్నకి గణితంలో రెండు జవాబులూ సరిపోయే సందర్భాలుంటాయి. సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లని చూసి ఒకటి ఎంచుకుంటుంది. మధ్యలో గాలి అడ్డం వచ్చి ఆ గొలుసు తెగితే అవతలి భాగం మొత్తం తారుమారవుతుంది. దీన్ని స్వాప్ అంటారు. ఒక కాలు మొత్తం వాటర్ ఇమేజ్‌లో కొవ్వుగా వస్తే ఎవరైనా కనిపెడతారు. కాలేయం పైభాగంలో రెండు సెంటీమీటర్ల ముక్క మాత్రమే స్వాప్ అయితే అది అచ్చం గడ్డలా ఉంటుంది. అందుకే వాటర్ ఇమేజ్‌లో అనుమానం రాగానే ఫ్యాట్ ఇమేజ్‌లో అదే చోటు చూడాలి. అక్కడ అదే ఆకారం తిరగబడి కనిపిస్తే, ఇన్ ఫేజ్‌లో అలాంటిదేమీ లేకపోతే, అది గడ్డ కాదు. రేడియాలజిస్టు వర్క్‌స్టేషన్‌కి వాటర్ ఒక్కటే పంపి మిగతా మూడూ వదిలేసే సెంటర్లున్నాయి. స్థలం ఆదా చేయడానికి ఇంతకంటే మంచి మార్గాలు ఉన్నాయి.

అపోజ్డ్ ఫేజ్‌ని ఫ్యాట్ శాట్‌తో సమానమనుకునేవాళ్లు కూడా తక్కువేం కాదు. లెక్క వేసి చూద్దాం. ఒక కణజాలంలో కొవ్వు సిగ్నల్ 10 శాతం, నీరు 90 శాతం అనుకోండి. ఫ్యాట్ శాట్ 10 తీసేస్తే 90 మిగులుతుంది, కంటికి తేడా ఆనదు. అపోజ్డ్ ఫేజ్‌లో 90లోంచి 10 పోయి 80 అవుతుంది, పడిపోయింది రెట్టింపు. సగం సగం ఉంటే అపోజ్డ్ ఫేజ్‌లో సున్నా, ఫ్యాట్ శాట్‌లో 50. పూర్తిగా కొవ్వే ఉన్న ముద్దలో అపోజ్డ్ ఫేజ్ ఏమీ తగ్గించదు, దాని చుట్టూ ఒక నల్లగీత మాత్రం గీస్తుంది. ఫ్యాట్ శాట్ దాన్ని బాగా నల్లబరుస్తుంది. కాబట్టి అడ్రినల్ గ్రంథిలో కణాల లోపల కొద్దికొద్దిగా కొవ్వుండే అడినోమా అనే గడ్డని పట్టడానికి అపోజ్డ్ ఫేజ్, ముద్దగా కొవ్వుండే డెర్మాయిడ్‌కి, కిడ్నీలోని ఆంజియోమయోలిపోమా అనే గడ్డకి ఫ్యాట్ శాట్. ఒకదాని స్థానంలో మరొకటి పెడితే రెండుచోట్లా దెబ్బతింటాం.

కొవ్వు ఇమేజ్ విడిగా చేతికొచ్చాక దాన్ని కొలవొచ్చు కూడా. ఫ్యాటీ లివర్‌కి ఇప్పుడు చెప్పే పీడీఎఫ్ఎఫ్ అదే: మొత్తం సిగ్నల్‌లో కొవ్వు వాటా ఎంత అన్నది. 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్‌గా లెక్కిస్తారు. దీనికి మామూలు డిక్సన్ చాలదు. కొవ్వుకున్న అనేక శిఖరాలనీ, కాలేయంలో ఇనుము వల్ల సిగ్నల్ త్వరగా పడిపోవడాన్నీ లెక్కలోకి తీసుకోవాలి, అందుకే ఎక్కువ ఎకోలు తీస్తారు.

మరి ఏది ఎప్పుడు

మోకాలు మెషిన్ మధ్యలో చక్కగా ఉంటుంది, గాలి తక్కువ. అక్కడ మామూలు ఫ్యాట్ శాట్‌ని మించింది అక్కర్లేదు. భుజం పక్కకి జరిగి ఉంటుంది కాబట్టి ఫ్యాట్ శాట్ మీద ఒక కన్నేసి ఉంచాలి. రొమ్ముకి, కడుపుకి కాంట్రాస్ట్‌తో అయితే స్పెయిర్ లేదా డిక్సన్. స్క్రూలు, ప్లేట్లు, తుంటి ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి ఫ్యాట్ శాట్, స్పెయిర్ రెండూ పక్కన పెట్టేయాలి. స్టిర్ వాడాలి, అదీ బ్యాండ్‌విడ్త్, అంటే సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు, పెంచి. సెమాక్, మావ్రిక్ లాంటి మెటల్ సీక్వెన్సులుంటే వాటితో కలిపి. మెటల్ పక్కనే కాంట్రాస్ట్ ఇమేజ్ కావాలంటే కొవ్వును అణచకుండానే ముందూ తర్వాతా తీసి, ఒకదాంట్లోంచి మరొకటి తీసేసి చూడటం మేలు.

వెన్నెముక విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి. టీ2 డిక్సన్ ఒక్కటి తీస్తే వాటర్ ఇమేజ్ స్టిర్ పని చేస్తుంది, ఫ్యాట్ ఇమేజ్ మజ్జలో కొవ్వు ఎక్కడ పోయిందో చూపిస్తుంది, టైమ్ కలిసొస్తుంది అని కొందరంటారు. వాదనలో బలముంది. నేను మాత్రం టీబీ, మెటాస్టాసిస్ (వేరేచోటి క్యాన్సర్ పాకడం) అనుమానమున్నప్పుడు స్టిర్‌ని ఇంకా వదల్లేదు. గరుకుగా ఉన్నా ఒక చివరనుంచి ఇంకో చివరిదాకా ఒకేలా అణుగుతుంది, స్వాప్ గొడవ ఉండదు.

వెన్నెముక టీబీకి మందులు వాడుతూ కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్‌కి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మొదటిసారి స్టిర్, రెండోసారి ఇంకో సెంటర్‌లో ఫ్యాట్ శాట్ టీ2 తీస్తే, వాపు ఎంత తెల్లగా కనిపిస్తుందన్నది జబ్బును బట్టే కాక పద్ధతిని బట్టి కూడా మారిపోతుంది. స్టిర్‌లో మెరిసినంతగా ఫ్యాట్ శాట్‌లో మెరవకపోతే అది మందు పనిచేసినట్టు కాదు. పాత సీడీ వెంట తీసుకెళ్లి, మొదటిసారి ఏ సీక్వెన్స్ తీశారో అదే తీయమని టెక్నీషియన్‌ని అడగండి. పేరు ఇమేజ్ మూలనే రాసి ఉంటుంది, వాళ్లు చూసుకోగలరు.